పన్నెండున్నరకి కొవ్వొత్తులు

పోయిన వారం నన్ను నేను వంటింటి గుమ్మంలో, చేతిలో నాలుగు అట్టముక్కలతో నిలబెట్టి వెళ్ళిపోయాను. ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను. కాళ్ళు లాగుతున్నాయి.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. నేను నళిని. మహిళా పాలిటెక్నిక్‌లో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు పాసై ఏడాదయింది. నాంపల్లి స్టేషన్ వెనక సందులో మా అక్క శేషారత్నం ఇంట్లో ఉంటున్నాను. అది అక్క ఇల్లు కాదని, తన ఇల్లని మా బావ జగన్మోహనరావు నెలకోసారి గుర్తు చేస్తుంటాడు. బావ పనిచేసే ఇంజనీర్ల ఆఫీసులో డ్రాయింగ్ సెక్షన్లో ఒక ఖాళీ ఉంది. నేను పరీక్ష రాశాను, గీసి చూపించాను, పాసయ్యాను. ఇంక లిస్టు మీద చీఫ్ ఇంజనీరు అమరేశ్వరరావుగారి సంతకం పడాలి. అది సోమవారం పడుతుంది. ఈ రోజు ఆదివారం. ఆ అమరేశ్వరరావుగారే భార్య కోటేశ్వరమ్మగారితో మా ఇంటికి భోజనానికి వస్తున్నారు.

బావకి కావలసింది ఖైరతాబాద్‌లో క్వార్టరు. నాకు కావలసింది ఉద్యోగం, అది వస్తే హాస్టల్లో ఒక గది. కాబట్టి ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం. బల్ల నేను సర్దాలి, అతిథులున్నంత సేపూ వంటింట్లోంచి బయటికి రాకూడదు. అందుకు బదులు ఆయన పెరుగన్నం దగ్గర నా ఉద్యోగం మాట కదుపుతాడు.

"పెరుగన్నం దాకా ఎందుకు బావా? పప్పు దగ్గరే కదపొచ్చుగా?" అన్నాను.

"పెద్దవాళ్ళని కడుపు నిండాక అడగాలి. మీ పాలిటెక్నిక్‌లో ఇవి చెప్పరు."

నిజమే, చెప్పలేదు. వంతెన ఎంత బరువు మోస్తుందో చెప్పారు గానీ, మనిషి ఎంతవరకు వంగుతాడో చెప్పలేదు.

ఇంతకీ ఈ డిన్నరు మధ్యాహ్నం పన్నెండున్నరకి. పెద్దసారు రాత్రిళ్ళు అన్నం ముట్టడట, రెండు ఇడ్లీలతో సరిపెడతాడట. అక్క చూసిన పత్రికలో మాత్రం డిన్నరంటే కొవ్వొత్తులు ఉండి తీరాలి. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ కొన్న విలాయతీ ఆడవాళ్ళ పత్రిక అది. అందులో ఒక దొరసాని బల్ల పక్కన నిలబడి నవ్వుతూ ఉంటుంది. జన్మలో ఎప్పుడూ రుబ్బురోలు ముందు కూర్చోని నవ్వు అది. నేను చదివి చెబుతుంటే అక్క తన నోటు పుస్తకంలో తెలుగులో రాసుకుంది. గుండ్రటి అక్షరాలు, పేర్చినట్టుంటాయి. ఆరో క్లాసుతో చదువు మాన్పించినా అక్క చెయ్యి పోలేదు. బావ సంగతి వేరు. ఆయన పాలవాడికి చీటీ కూడా ఇంగ్లీషులో రాస్తాడు. పాలవాడు దాన్ని మడిచి చెవిలో తిప్పుకుంటాడు.

కిటికీలు మూశాం. తెరలు వేశాం. పట్టపగలు చీకటి తయారు చేసి అందులో ఆరు కొవ్వొత్తులు వెలిగించాం. గాలికి ఆరిపోతాయని ఫ్యాను కట్టేశాం. నెల ఏప్రిల్.

జంగమ్మ అప్పుడే బిందె దించి లోపలికి తొంగి చూసింది. ఆమె మా ఇంట్లో గిన్నెలు తోమి, నీళ్ళు మోస్తుంది. అక్కకి భయపడని మనిషి ఈ ఇంట్లో ఆమె ఒక్కతే.

"ఏంది నళినమ్మా, పట్టపగలు మోంబత్తీలు? ఎవలన్న సచ్చిన్రా?"

"లేదు జంగమ్మా, ఇంకా ఎవరూ చావలేదు. డిన్నరు."

"గా పంకా బందు వెట్టి గీ ఉక్కల కూసుంటరా? పెద్దసారు ఉడుకుతడు. జర జూస్కోన్రి."

"ఆ జంగమ్మతో కబుర్లేవిటే? వచ్చే వేళైంది" అంది అక్క. కొత్త పట్టుచీర మెడ దగ్గర అప్పుడే తడిసింది. "కార్డులు పెట్టావా?"

అవే నా చేతిలోని నాలుగు అట్టముక్కలు. ఎవరి కుర్చీ ముందు వాళ్ళ పేరు రాసిన కార్డు పెట్టాలని పత్రికలో ఉంది. నలుగురు మనుషులు, అందులో ఇద్దరిది ఇదే ఇల్లు. తన కుర్చీ ఏదో బావకి తెలీక పొరపాటున వెళ్ళి పొయ్యి మీద కూర్చుంటాడని కాబోలు. అయినా రాశాను, డ్రాయింగుల మీద రాసే అక్షరాల్లో, నల్లటి ఇంకుతో. బల్లని కూడా ముందు ట్రేసింగ్ కాగితం మీద స్కేలుకి గీసుకున్నాను. ఫోర్కు అంచు నుంచి ఎన్ని అంగుళాలు, గ్లాసు ఏ కోణంలో, రుమాలు మడిచి చేసిన తామరపువ్వు ఎక్కడ, నిమ్మచెక్క వేసిన నీళ్ళ గిన్నె ఎక్కడ, అంతా కొలిచి పెట్టాను. నా డిప్లొమాకి దొరికిన మొదటి కాంట్రాక్టు అది.

అయిదో కుర్చీ గోడకి ఆనించి ఉంది. దానికి కార్డు లేదు.

నోటు పుస్తకంలో చివరి రూలు కింద అక్క రెండు గీతలు గీసుకుంది. వంటకాలన్నీ బల్ల మధ్యలో పెట్టాలి, అతిథులు తమకి కావలసింది తామే తీసుకోవాలి, ఇంటావిడ అందరితోపాటు కూర్చోవాలి, ఎవరూ వెనక నిలబడి వడ్డించకూడదు. అది చదువుతున్నప్పుడే నాకు ఒక సంగతి తట్టింది. దొరసాని ఫోర్కుతో తింటుంది, చెయ్యి ఎంగిలి కాదు. మనం కుడిచేత్తో అన్నం కలుపుతాం. కలిపిన చేత్తో గరిటె ముట్టుకోం. ఎడంచేత్తో తీసుకోం. అక్కకి చెప్పొచ్చు, కానీ చెప్పలేదు. ఇన్ని నెలలుగా వీళ్ళ వేషాలకి మేకప్ వేస్తున్నాను, ఒక్క సీను నా కోసం ఉంచుకుంటే తప్పేముంది అనుకున్నాను.

పన్నెండూ ఇరవైకి గుమ్మం దగ్గర బావ గొంతు అరసున్నాలన్నీ పలుకుతూ వినపడింది.

"రండి సార్, రండి. పూర్ మ్యాన్స్ హౌస్ సార్."

అమరేశ్వరరావుగారు పొట్టి మనిషి, మందమైన కళ్ళద్దాలు. లోపలికి అడుగుపెట్టి ఒక్క క్షణం ఆగాడు.

"కరెంటు పోయిందా జగన్మోహనరావ్?"

"లేదు సార్. ఇది... ఆంబియెన్స్ సార్."

"ఓహో" అన్నాడాయన. ప్లాన్లో తప్పు కనపడ్డ ఇంజనీరు ఎలా అంటాడో అలా.

కోటేశ్వరమ్మగారు పళ్ళెంలోని రుమాలు పువ్వు తీసి, ఎంత ముద్దుగా చేశారమ్మా అని మెచ్చుకుని, విప్పి, మొహం మీద చెమట తుడుచుకుంది. ఆ ఇంట్లో ఆ రోజు ఒక వస్తువు అక్కరకి రావడం అదే మొదలు.

నేను వంటింటి తలుపు సందులోంచి చూస్తున్నాను. జంగమ్మ నా భుజం మీదుగా చూస్తోంది.

అందరూ కూర్చున్నారు. చేతులు ఇంకా శుభ్రంగా ఉన్నాయి కాబట్టి మొదటి విడత సాఫీగానే గడిచింది. కోటేశ్వరమ్మగారు భర్తకి అన్నం, పప్పు వేయబోతే అక్క నవ్వుతూ వారించింది. "మీరు కష్టపడకండి పిన్నిగారూ. ఎవరికి వాళ్ళే తీసుకుంటే ఫ్రీగా ఉంటుంది." ఆవిడ, వేస్తున్న గరిటె గాల్లో ఆపి, సరే కాబోలు అనుకుని పెట్టేసింది.

అమరేశ్వరరావుగారు ఫోర్కునీ, కత్తినీ, రెండు చెంచాల్నీ పనికిరాని స్కేళ్ళలా పక్కకి జరిపాడు. తర్వాత కుడి అరచేతిలో గ్లాసులోంచి నీళ్ళు వంచుకుని, కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ పళ్ళెం చుట్టూ తిప్పాడు. ఆయన ఇంట్లో నేల మీద పీట వేసుకుని రోజూ చేసే పనే. ఇక్కడ నేల లేదు, మూడు రోజులు గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల దుప్పటి ఉంది. నీళ్ళు పళ్ళెం చుట్టూ గుండ్రంగా పాకి, పేరు కార్డు దగ్గరికెళ్ళి మడుగు కట్టాయి.

అక్క నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం మూసుకుంది.

ఆయన కళ్ళు తెరిచి, ఎడంచేత్తో తడిసిన కార్డు ఎత్తి, కొవ్వొత్తి దగ్గర పెట్టి చూశాడు. తిప్పి చూశాడు.

"ఇదెవరు రాశారు?"

"ఆబిడ్స్‌లో ప్రింటు చేయించాం సార్" అన్నాడు బావ.

ఎంత తొందరగా అన్నాడంటే, అబద్ధం ముందే వండి మూత పెట్టి ఉంచుకున్నట్టుంది. మా మరదలు రాసింది సార్ అంటే ఏం పోయేది? పెరుగన్నం దగ్గర చెప్పాల్సిన మాట పప్పు దగ్గరే నోటికి అందించారు. మింగేశాడు.

"ప్రింటు కాదయ్యా. కలం ఎక్కడ ఎత్తారో తెలుస్తోంది. పైగా ఇండియన్ ఇంకు, ఇంత తడిసినా చెదరలేదు" అని కార్డుని తడి లేని చోట పెట్టి, అన్నం కలుపుకున్నాడు.

పప్పన్నం అయిపోయింది. ఆయన చెయ్యి పళ్ళెం మీద ముడిచి పెట్టుకుని కూర్చున్నాడు.

ఎవరూ లేవలేదు.

ఆయన గుత్తివంకాయ వైపు చూశాడు. గుత్తివంకాయ గాజు గిన్నెలో మూరెడు దూరంలో ఉంది. ఆయన తన కుడిచెయ్యి చూసుకున్నాడు, దాని నిండా పప్పు. ఎడంచెయ్యి చూసుకున్నాడు. దాన్ని బల్ల కింద దాచుకున్నాడు. భార్య వైపు చూశాడు. ఆవిడ చెయ్యీ ఎంగిలే. బావదీ, అక్కదీ ఎంగిలే. ఆ గదిలో శుభ్రమైన కుడిచెయ్యి ఒక్కటీ లేదు.

"హెల్ప్ యువర్‌సెల్ఫ్ సార్" అన్నాడు బావ.

"ఆ, ఆ. పరవాలేదు."

"మొహమాట పడకండి బాబాయిగారూ, తీసుకోండి" అంది అక్క.

"తీసుకుంటానమ్మా."

నలుగురూ ఎండిపోతున్న చేతులు ముడుచుకుని కూర్చున్నారు. స్టేషన్లో బండి కదిలింది కాబోలు, గ్లాసులు గలగలలాడాయి. కొవ్వొత్తి ఒకటి వేడికి మధ్యకి వంగి, పులిహోర మీదికి మైనం కార్చడానికి సిద్ధంగా ఉంది. నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను. ఇన్ని నెలల్లో అంత తృప్తిగా ఏదీ చూడలేదు.

జంగమ్మకి నవ్వు రాలేదు.

"ఏందమ్మా నవ్వుతున్నవ్? ఇంటికొచ్చిన మనిషి చెయ్యి ఎండవెట్టుకొని కూసున్నడు. గిదేం మర్యాద? మా ఊర్ల కుక్కకైనా పిల్చి ఏస్తం. ముట్టుకుంటే మీ అక్క ఒప్పది గానీ, లేకుంటె నేనే పెడ్దును. నీకేమైంది, పో!"

"నేను వెళ్ళకూడదు జంగమ్మా. ఒప్పందం."

"ఒప్పందమట! గా ముసలాయన నీకేం జేసిండు?"

ఆమె తలుపు తోసింది. నన్ను కూడా.

అలా నేను బయటికి వచ్చాను. వచ్చాక ఇంక వెనక్కి పోయేదేముంది? గరిటె తీసుకుని గుత్తివంకాయ వడ్డించాను. ఆయన మొహంలో కనిపించిన హాయి చూస్తే, నాకు నా మీదే చిరాకేసింది. అన్నం పెట్టాను, నెయ్యి వేశాను. బావ కళ్ళతో నన్ను వంటింట్లోకి తోస్తున్నాడు. నేను చూడలేదు.

"చాలమ్మా, చాలు. బంగారు తల్లివి" అంది కోటేశ్వరమ్మగారు. "ఎవరమ్మా నువ్వు?"

"మా మరదలండి. వంటింట్లో సాయానికి ఉంటుంది" అన్నాడు బావ.

అమరేశ్వరరావుగారు నా మొహం చూడలేదు, గరిటె పట్టుకున్న చెయ్యి చూశాడు. నడిమి వేలి మీద, గోరు పక్కన నల్లటి మరక ఉంది. నిమ్మకాయతో రుద్దినా పోయే రకం కాదది.

"ఆబిడ్స్ ప్రెస్సు ఇదేనా?" అన్నాడు కార్డు చూపించి.

బావ నవ్వాడు. ఒక్కడే నవ్వాడు.

"పేరేంటమ్మా?"

"నళినండి."

"నళిని." ఆయన కలపడం ఆపాడు. "కాలవ క్రాస్ సెక్షన్ గీసిన నళిని నువ్వేనా? నీ షీటు నా బల్ల మీద వారం ఉంచుకున్నానమ్మా, వచ్చినవాళ్ళందరికీ చూపించడానికి. ఎంత పని చేశావు! సరే, ఆడపిల్ల జీవితం, నేను కాదనేదేముంది. శుభం. ముహూర్తం ఎప్పుడు?"

"ఏ ముహూర్తమండీ?"

"అదేంటి? నీ పెళ్ళి."

నాకు పెళ్ళి కుదిరిన సంగతి నాకు గుత్తివంకాయ వడ్డిస్తుండగా తెలిసింది.

"పెళ్ళి కుదిరింది, ఉద్యోగం అక్కర్లేదు, నా పేరు తీసెయ్యండి అని ఉత్తరం రాశావు కదా. గురువారం అందింది. రేపు లిస్టు మీద నీ పేరు కొట్టేసి కిందివాడి పేరు రాయాలి."

ఆ క్షణంలో నేను బావని చూసిన చూపుకి ఫ్యాను లేకపోయినా కొవ్వొత్తులు ఆరిపోవాలి. పెరుగన్నం దగ్గర మాట కదుపుతాడట! ఈ మనిషి కోసం నేను ఫోర్కుల మధ్య దూరం కొలిచాను. ఒకే ఇంటికి రెండు మేళ్ళు అడగలేక, క్వార్టరు కోసం నన్ను కొట్టేయించి, నా చేతే బల్ల సర్దించుకుని, నా అక్షరాలు ఆబిడ్స్‌లో ప్రింటయ్యాయన్నాడు. అసహ్యానికి కూడా ఒక కొలత ఉంటుందనుకునేదాన్ని. ఆయన దగ్గర స్కేలు చాల్లేదు.

"నాకు పెళ్ళి కుదరలేదండీ" అన్నాను.

"నళినీ, లోపలికి పో" అన్నాడు బావ. "సార్, చిన్నపిల్ల సార్, సిగ్గు..."

"ఆగవయ్యా" అన్నాడు పెద్దసారు, గొంతు పెంచకుండానే. "చూడమ్మా. నాకు మొదటే అనుమానం రావలసింది. నీ కార్డు చూడు, నీళ్ళలో పడి కూడా చెక్కు చెదరలేదు. ఆ ఉత్తరంలోనేమో నాలుగైదు చోట్ల ఇంకు తడిసి అలుక్కుపోయింది, ఎక్కడెక్కడో చుక్కలు పడ్డట్టు. నీ అప్లికేషన్ ఇంగ్లీషులో ఉంది, ఉత్తరమేమో తెలుగులో. చక్కటి గుండ్రటి తెలుగు. ఆడపిల్ల మనసు విప్పి మాతృభాషలో రాసిందిలే అనుకున్నాను."

తెలుగులో.

నేను బావ మీద నుంచి కళ్ళు తిప్పాను. ఆయన మొహంలో భయం లేదు. తెల్లబోయి ఉన్నాడు. లెక్క తనకీ అందనట్టు నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. పాలవాడికి కూడా ఇంగ్లీషులో రాసే మనిషి.

ఆ ఇంట్లో నేను కాక తెలుగులో రాసేది ఇంకొక్కరే.

అక్క తలెత్తలేదు. తన ముందున్న కార్డుని వేలితో సరిగ్గా పళ్ళేనికి మధ్యగా జరుపుతోంది. నేను అదే కొలతలో పెట్టాను. జరపాల్సిన అవసరం లేదు.

"ఒక్క మాట చెప్పమ్మా. ఆ ఉత్తరం నీదా, కాదా? నీదంటే రేపు పేరు కొట్టేస్తాను. కాదంటే, అది ఎవరు రాశారో తేల్చకుండా నేను ఊరుకోను" అన్నాడు అమరేశ్వరరావుగారు.

నాదే అనొచ్చు. అక్క పరువు దక్కుతుంది, బావకి క్వార్టరు దక్కుతుంది, నాకు వంటింటి గుమ్మం దక్కుతుంది. కాలవ గీసిన షీటు ఆయన బల్ల మీద వారం ఉందట. ఎవరెవరో చూశారట.

"నాది కాదండీ" అన్నాను.

బావ కుర్చీ కిర్రుమంది. అక్క మాత్రం నెమ్మదిగా, నేను అతిథుల కోసం పెట్టిన నిమ్మచెక్క నీళ్ళ గిన్నె దగ్గరికి లాక్కుంది. పత్రిక ప్రకారం భోజనం చివర వేళ్ళు కడుక్కోవడానికి. ఎందుకు పెట్టారో అతిథులకి తెలియక అప్పటిదాకా ఎవరూ ముట్టుకోని గిన్నె. అందులో కుడిచెయ్యి ముంచి కడుక్కుంది. తామరపువ్వు రుమాలు పక్కనే ఉండగా, పట్టుచీర కొంగుకి తుడుచుకుంది. లేచి వెళ్ళి గోడ దగ్గరున్న అయిదో కుర్చీ తెచ్చి బల్ల దగ్గర వేసింది. నా చేతిలోంచి గరిటె తీసుకుంది.

"కూర్చోవే. పొద్దుటి నుంచీ ఏవీ తినలేదు నువ్వు."

"అక్కా..."

"కూర్చో అంటున్నానా."

కూర్చున్నాను. అక్క పెద్దసారు పక్కకి వెళ్ళి మజ్జిగ పులుసు వడ్డించింది, ఒక్క చుక్క దుప్పటి మీద పడకుండా.

"ఆ ఉత్తరం నేనే రాశానండీ బాబాయిగారూ" అంది, పులుసులో ఉప్పు చాలిందా అని అడిగినంత మామూలుగా. "ఈయనకి తెలీదు. ఉద్యోగం వస్తే నా చెల్లెలు హాస్టల్లో గది తీసుకుంటానంది. అది వెళ్ళిపోతే ఈ ఇంట్లో నేను ఈయనతో ఒక్కదాన్నే ఉండాలి."

తర్వాత కోటేశ్వరమ్మగారి వైపు తిరిగింది.

"మీకు కొంచెం వెయ్యనా పిన్నిగారూ?"